మూత్రం ఆగిపోయిన మగపిల్లి: అత్యవసర చికిత్స నుంచి ఇంటి జాగ్రత్తల దాకా

రోగి నాలుగేళ్ల మగపిల్లి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. బరువు 6.0 కిలోలు. ఒంటి తీరు చూస్తే 4.8 కిలోలకు మించి ఉండకూడదు. పూర్తిగా ఇంట్లోనే ఉంటుంది. తినేది డ్రై ఫుడ్ ఒక్కటే, గిన్నె ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. టీకాలు, నట్టల మందు సకాలంలో పడ్డాయి. రెండు వారాల క్రితం ఆ ఇంటికి మరో పిల్లి వచ్చింది. రెంటికీ కలిపి ఒకటే లిట్టర్ ట్రే.

యజమాని చెప్పిన ఫిర్యాదు మలబద్ధకం. ఒకటిన్నర రోజుగా ట్రేలోకి వెళ్లి కూర్చుంటోంది, ముక్కుతోంది, ఏమీ రావడం లేదు. విరేచనం కావడానికి ఇంట్లో ఉన్న సిరప్ రెండుసార్లు పట్టారు. ఆ తర్వాత వాంతులు మొదలయ్యాయి. తెచ్చిన రోజు ఉదయం నుంచి మంచం కింద నుంచి బయటికి రాలేదు, పిలిస్తే పలకలేదు.

ఈ కేసులో చేజారిన సమయమంతా ఆ "మలబద్ధకం" దగ్గరే చేజారింది. పిల్లి మూత్రానికి ముక్కినా, మలానికి ముక్కినా చూసేవాళ్లకు ఒకేలా కనిపిస్తుంది. అందుకే మగపిల్లి ముక్కుతోందని ఫోన్ వచ్చినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ట్రేలో తడి ముద్ద చివరిసారి ఎప్పుడు కనిపించింది? జవాబు "గమనించలేదు" అయితే మూత్రం ఆగిందనే అనుకోవాలి. పొట్ట మీద చెయ్యి పెట్టి చూసేదాకా ఆ అనుమానం వదలకూడదు. రేపు ఉదయం తీసుకురమ్మని చెప్పే కేసు కాదిది. ఆడపిల్లి మూత్రమార్గం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి దానికి ఇలా పూర్తిగా మూసుకుపోవడం అరుదు. మగపిల్లికి ఆ మార్గం పొడుగు, పైగా అంగం దగ్గరికి వచ్చేసరికి మరీ సన్నబడుతుంది. చిక్కేదల్లా అక్కడే చిక్కుతుంది.

మొదటి అయిదు నిమిషాలు

బల్ల మీద పడుకోబెట్టేసరికి పిల్లి ఎదురు తిరగలేదు. మామూలుగా గోళ్లు చూపించే పిల్లి ఇలా మెత్తబడిపోతే అది మంచి లక్షణం కాదు. ఉష్ణోగ్రత 35.6 డిగ్రీల సెల్సియస్. గుండె నిమిషానికి 104 సార్లు కొట్టుకుంటోంది. క్లినిక్‌కు తెచ్చిన పిల్లికి భయం వల్లనైనా 160 నుంచి 220 ఉండాలి. తొడ లోపలి నాడి బలహీనం, చిగుళ్లు పొడిగా, పాలిపోయి ఉన్నాయి. ఒంట్లో నీటి లోటు సుమారు 8 శాతం. పొట్ట కింది భాగంలో మూత్రాశయం నారింజపండంత, రాయిలా గట్టిగా చేతికి తగిలింది. అంగం కొన ఊదారంగుకు తిరిగి ఉంది, అదే పనిగా నాకడం వల్ల చర్మం చెదిరింది.

ఇక్కడ రెండు అంకెలను కలిపి చదవాలి. మూత్రం ఆగిన పిల్లిలో గుండె 120 కన్నా తక్కువ, ఉష్ణోగ్రత 36 కన్నా తక్కువ ఉంటే రక్తంలో పొటాషియం లీటర్‌కు 8 మిల్లీమోల్ దాటి ఉంటుందనే లెక్కతో పని మొదలుపెట్టాలి. ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకూడదు. ఒంట్లో చేరిన పొటాషియంలో ఎక్కువ భాగాన్ని బయటికి పంపేది మూత్రపిండాలే. దారి మూసుకుపోతే అది రక్తంలో పేరుకుంటుంది. ఆమ్లం పెరిగేకొద్దీ కణాల లోపలి పొటాషియం కూడా రక్తంలోకి వస్తుంది. మూత్రం ఆగిన పిల్లి చనిపోతే చాలాసార్లు అది గుండె ఆగడం వల్లే. క్యాథెటర్ (మూత్రం తీసే సన్నని గొట్టం) వేయడానికి మత్తు ఇచ్చిన క్షణంలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. కాబట్టి వరుస ఎప్పుడూ ఒకటే: ముందు గుండె, తర్వాత మూత్రాశయం.

ముందరి కాలికి 22 గేజ్ క్యానులా వేసి, దాని నుంచే రక్తం తీసి, ఈసీజీ తగిలించడం ఒకేసారి జరిగాయి. ఈసీజీలో గుండె పై గదుల పనిని చూపే పీ తరంగం లేదు, కింది గదుల పనిని చూపే క్యూఆర్ఎస్ వెడల్పైంది, టీ తరంగం నిటారుగా లేచింది. కాసేపటికి వచ్చిన అంకెలు: పొటాషియం 9.1 మిల్లీమోల్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ డెసిలీటర్‌కు 11.2 మిల్లీగ్రాములు, రక్తం పీహెచ్ 7.12, అయనీకృత కాల్షియం (రక్తంలో విడిగా, పనిచేసే రూపంలో ఉన్న కాల్షియం) 0.95 మిల్లీమోల్, గ్లూకోజ్ 210. కాల్షియం తగ్గితే పొటాషియం దెబ్బ గుండె మీద ఇంకా గట్టిగా పడుతుంది. ఒక జాగ్రత్త: ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన పొటాషియం తక్కువని కాదు. 8 దాటినా గీతలు దాదాపు మామూలుగానే కనిపించే పిల్లులు ఉంటాయి.

పొటాషియం మీద పని

10 శాతం కాల్షియం గ్లూకోనేట్ కిలోకు 1 మి.లీ. లెక్కన 6 మి.లీ., పది నిమిషాలు పట్టేలా నెమ్మదిగా నరంలోకి ఇచ్చారు. ఇస్తున్నంతసేపూ కళ్లు ఈసీజీ మీదే ఉండాలి. గుండె ఇంకా నెమ్మదిస్తే ఆపేయాలి. నాలుగో నిమిషానికి పీ తరంగం తిరిగి వచ్చింది, పది నిమిషాలకు గుండె 148కి చేరింది. ఈ మందు పొటాషియాన్ని ఒక్క పాయింటు కూడా తగ్గించదు. గుండె కండరాన్ని అరగంట నుంచి గంట వరకు కాపాడుతుంది, అంతే. ఆ గడువులోపు పొటాషియాన్ని కణాల్లోకి నెట్టే పని మొదలవ్వాలి. ఈసీజీ బాగుపడిందని అక్కడ చెయ్యి ఆపితే గంట తిరక్కుండానే గుండె మళ్లీ మొదటికొస్తుంది.

ఆ నెట్టే పని ఇన్సులిన్‌ది. రెగ్యులర్ ఇన్సులిన్ కిలోకు 0.25 యూనిట్ చొప్పున 1.5 యూనిట్లు నరంలోకి ఇచ్చారు. ఇంత చిన్న మోతాదును సిరంజిలో నేరుగా కొలవడం ప్రమాదం. ఇన్సులిన్ సీసాలు మి.లీ.కు 40 యూనిట్లవీ ఉంటాయి, 100 యూనిట్లవీ ఉంటాయి. ఒకదాని సిరంజితో ఇంకోదాన్ని కొలిస్తే మోతాదు రెండు రెట్లకు పైగా తప్పుతుంది. సీసా మీది అంకె చదివి, 10 యూనిట్లు తీసి (40 రకమైతే 0.25 మి.లీ., 100 రకమైతే 0.1 మి.లీ.) సెలైన్‌తో మొత్తం 10 మి.లీ. చేస్తే ఒక మి.లీ.కు ఒక యూనిట్ అవుతుంది. అందులోంచి 1.5 మి.లీ. తీసుకోవాలి. యూనిట్‌కు 2 గ్రాముల చొప్పున 3 గ్రాముల డెక్స్‌ట్రోజ్, అంటే 50 శాతం ద్రావణం 6 మి.లీ., దానికి మూడు రెట్లు సెలైన్ కలిపి ఇచ్చారు. పలచన చేయకపోతే నరం వాచిపోతుంది. తర్వాత అయిదారు గంటలు డ్రిప్‌లో 2.5 శాతం డెక్స్‌ట్రోజ్ నడవాలి: 500 మి.లీ. సీసాలోంచి 25 మి.లీ. తీసేసి, 50 శాతం డెక్స్‌ట్రోజ్ 25 మి.లీ. కలిపితే సరిపోతుంది. గ్లూకోజ్ గంటకోసారి చూడాలి. వచ్చినప్పుడు 210 ఉందని డెక్స్‌ట్రోజ్ మానేస్తే ఆరు గంటల లోపు ఎప్పుడైనా చక్కెర పడిపోయి పిల్లికి ఫిట్స్ రావచ్చు.

సోడియం బైకార్బొనేట్ ఇవ్వలేదు. అది అయనీకృత కాల్షియాన్ని ఇంకా దించుతుంది. ఈ పిల్లిలో అది అప్పటికే తక్కువ.

మూత్రం రాని పిల్లికి సెలైన్ ఎక్కిస్తే మూత్రాశయం పగులుతుందని కొందరు డ్రిప్ ఆపి కూర్చుంటారు. ఆ భయం అనవసరం. ఆగిన పిల్లిని చంపేది రక్తంలోని మార్పులు, నాడి బలహీనత. డ్రిప్ వెంటనే మొదలుపెట్టాలి, దారి కూడా తొందరగా తెరవాలి. రింగర్ లాక్టేట్‌లో పొటాషియం ఉంటుందనే భయం కూడా అంతే. అది లీటర్‌కు 4 మిల్లీమోల్ మాత్రమే, 9.1 ఉన్న రక్తాన్ని అది పలచనే చేస్తుంది. మామూలు సెలైన్ కన్నా ఆమ్లాన్ని త్వరగా సరిచేస్తుంది కూడా. గుండెలో మర్మర్ (రక్తం సుడి తిరిగే చప్పుడు), అదనపు శబ్దం లేవని విన్నాక కిలోకు 10 మి.లీ. చొప్పున 60 మి.లీ. పదిహేను నిమిషాల్లో, నాడి చూసి మరో 60 మి.లీ. ఇచ్చారు. పిల్లుల్లో బయటికి తెలియని గుండె కండర జబ్బు మామూలే, అందుకే ఒకేసారి పెద్ద మొత్తం పోయకూడదు. ఒంటికి వేడిగాలి దుప్పటి కప్పారు. వేడినీళ్ల సీసాలు నేరుగా ఆనిస్తే మత్తులో ఉన్న పిల్లి చర్మం కాలుతుంది.

ఇన్సులిన్ ఇచ్చిన గంటకు పొటాషియం 7.4. గుండె 170. అప్పటికి మత్తు ఇవ్వగలిగిన స్థితికి వచ్చింది.

దారి తెరవడం

మొదట సూదితో మూత్రాశయం ఖాళీ చేశారు. దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి, సూది రంధ్రం నుంచి కారుతుందేమోనని. కానీ ఒకే పోటుతో, పూర్తిగా ఖాళీ చేస్తే ఇబ్బంది అరుదు. లాభం మాత్రం రెండు విధాలు: మూత్రపిండాల మీద ఒత్తిడి వెంటనే తగ్గుతుంది, తర్వాత కింది నుంచి సెలైన్ కొట్టినప్పుడు ప్లగ్ (దారిలో చిక్కుకున్న ముద్ద) వెనక్కి జారడానికి చోటు దొరుకుతుంది. 22 గేజ్, ఒకటిన్నర అంగుళం సూది, దానికి ఎక్స్‌టెన్షన్ ట్యూబ్, మూడు దారుల స్టాప్‌కాక్, 20 మి.లీ. సిరంజి. సూదిని మూత్రాశయం మెడ వైపు వాలుగా పెడితే, అది కుంచించుకుపోయేకొద్దీ సూది బయటపడకుండా ఉంటుంది. 140 మి.లీ. ఎర్రటి మూత్రం వచ్చింది. అందులో కొంత పరీక్షకు, కొంత కల్చర్‌కు (బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష) పక్కన పెట్టారు. చేత్తో పిసికి మూత్రం తెప్పించే ప్రయత్నం మాత్రం ఎవరూ, ఎప్పుడూ చేయకూడదు. ఉబ్బి, రక్తప్రసరణ తగ్గిన ఆ గోడ పగిలిపోతుంది.

మత్తుకు బ్యూటార్ఫనాల్ కిలోకు 0.3 మి.గ్రా., మిడజోలామ్ 0.2 మి.గ్రా. నరంలోకి, ఆ పైన ప్రొపోఫాల్ చుక్కచుక్కగా, సరిపడినంత. జైలజిన్, మెడిటోమిడిన్ జాతి మందులు గుండెను నెమ్మదింపజేస్తాయి కాబట్టి ఈ పిల్లికి దూరం. కెటమిన్ పిల్లుల్లో ఎక్కువగా మూత్రం ద్వారానే పోతుంది. ఆ దారే మూసుకున్నప్పుడు దాన్ని ఎంచుకోకపోవడమే మేలు.

ఈ కేసులో పని సులువు చేసింది తోక మొదట్లో ఇచ్చిన లిడోకేయిన్. పిల్లిని బోర్లా పడుకోబెట్టి, వెంట్రుకలు తీసి, చర్మం శుభ్రం చేసి, తోకను పైకీ కిందికీ ఆడిస్తే కదిలే మొదటి కీలు వేలికి తగులుతుంది. అక్కడ నడిమధ్యన 25 గేజ్, అంగుళం సూదిని 30 నుంచి 45 డిగ్రీల వాలులో దించి, ఆడ్రినలిన్ కలపని 2 శాతం లిడోకేయిన్ కిలోకు 0.1 మి.లీ., అంటే 0.6 మి.లీ. ఇచ్చారు. సరైన చోట పడితే మందు అడ్డు లేకుండా పోతుంది, అయిదు నిమిషాల్లో తోక వేలాడిపోతుంది, మలద్వారం వదులవుతుంది. మూత్రమార్గం చుట్టూ బిగుసుకున్న కండరం సడలితే, అరగంట పెనుగులాడాల్సిన క్యాథెటర్ రెండు నిమిషాల్లో పోతుంది. మత్తు కూడా తక్కువ పడుతుంది.

అంగం బయటికి తీసి కొనను వేళ్లతో నెమ్మదిగా నలిపారు. ప్లగ్ కొన దగ్గరే ఉంటే ఇంతటితోనే బయటపడుతుంది. ఇక్కడ ఇసుకలాంటి తెల్లటి ముద్ద కొంచెం వచ్చింది కానీ దారి తెరుచుకోలేదు. తర్వాత చివర రంధ్రమున్న 3.5 ఫ్రెంచ్ (గొట్టం మందం కొలత) టామ్‌క్యాట్ క్యాథెటర్‌కు జెల్ రాసి, మొన మాత్రం లోపల పెట్టి, అంగాన్ని వెనక్కి, వెన్నెముక వైపుకి పైకి లాగి పట్టుకున్నారు. చాలామంది తప్పేది ఇక్కడే. మూత్రమార్గానికి సహజంగా ఒక వంపు ఉంటుంది. అంగాన్ని ఉన్నచోటే ఉంచి క్యాథెటర్ తోస్తే మొన ఆ వంపు దగ్గర గోడకు గుచ్చుకుంటుంది. వెనక్కి లాగితే దారి తిన్నగా అవుతుంది. ఇంకొకరు 10 మి.లీ. సిరంజితో స్టెరైల్ సెలైన్‌ను ఆగి ఆగి కొడుతుండగా, అడ్డు తగ్గినప్పుడల్లా క్యాథెటర్ దానంతట అది ముందుకు సాగాలి. బలంతో తోస్తే గోడ చిరుగుతుంది, చిరిగిన చోట తర్వాత మచ్చకట్టి శాశ్వతంగా సన్నబడుతుంది. మూడో విడత సెలైన్‌కు ప్లగ్ వెనక్కి జారి మూత్రాశయంలో పడింది.

గట్టి ప్లాస్టిక్ టామ్‌క్యాట్ క్యాథెటర్‌ను లోపల వదిలేయకూడదు. అది గీరుతూనే ఉంటుంది. తీసేసి మెత్తని 3.5 ఫ్రెంచ్ పాలీయురేథేన్ క్యాథెటర్ వేశారు. మూత్రం కనిపించాక ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే ముందుకు పంపాలి. ఎక్కువ పంపితే లోపల చుట్టుకుని ముడిపడుతుంది. గోరువెచ్చని సెలైన్ 25 మి.లీ. చొప్పున ఎక్కించి తీస్తూ, మూత్రాశయంలో ఇసుక లేకుండా నీరు తేటపడేదాకా కడిగారు. క్యాథెటర్ రెక్కను ముందోలుకు కుట్టి, గొట్టాన్ని తోకకు టేపుతో అంటించి, మూసి ఉన్న సంచికి కలిపారు. సంచి ఎప్పుడూ పిల్లి కన్నా కిందనే ఉండాలి. మెడకు కోన్ తప్పనిసరి.

ఎక్స్‌రేను క్యాథెటర్ వేశాకే తీశారు. మూత్రాశయంతోపాటు మూత్రమార్గం మొత్తం, వెనుక భాగం చివరిదాకా ఫిల్ములో పడాలి. చాలాసార్లు ఆ చివరి భాగమే తెగిపోతుంది, రాయి అక్కడ ఉండవచ్చు. ఈ పిల్లికి రాళ్లు లేవు. మూత్రం పీహెచ్ 7.5, స్ట్రువైట్ (మెగ్నీషియం, ఫాస్ఫేట్ ఉన్న లవణం) స్ఫటికాలు, ఎర్ర కణాలు నిండుగా, సాంద్రత 1.024, బ్యాక్టీరియా కనిపించలేదు. స్ఫటికాల గురించి ఒక మాట: మూత్రం చల్లబడినా, ఫ్రిజ్‌లో పెట్టినా సీసాలోనే స్ఫటికాలు కడతాయి. తీసిన గంటలోపు చూసిన నమూనానే నమ్మాలి. చూసినా, స్ఫటికాలు ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. వాచిన మూత్రాశయం నుంచి కారే జిగురు వాటిని కలిపి ముద్ద చేసినప్పుడే దారి మూసుకుంటుంది.

తెరిచాక వచ్చే వరద

దారి తెరుచుకున్నాక ఊపిరి పీల్చుకుని పిల్లిని బోనులో పెట్టేస్తే ఆ రాత్రే ప్రమాదం. ఒత్తిడి తగ్గిన మూత్రపిండాలు కొన్ని గంటల నుంచి రెండు మూడు రోజుల వరకు నీటిని, లవణాలను పట్టి ఉంచలేవు. మామూలు పిల్లి గంటకు కిలోకు 1 నుంచి 2 మి.లీ. మూత్రం పోస్తుంది. ఇది మొదటి నాలుగు గంటల్లో 172 మి.లీ. పోసింది, గంటకు కిలోకు 7 మి.లీ. పైమాటే.

డ్రిప్ మొదటి లెక్క ఇలా వేసుకున్నారు. 6 కిలోల్లో 8 శాతం లోటు 480 మి.లీ. అందులో 120 ముందే ఇచ్చారు. మిగిలిన 360 పద్దెనిమిది గంటల్లో పూడ్చడానికి గంటకు 20, రోజువారీ అవసరానికి గంటకు 12, మొత్తం గంటకు 32 మి.లీ. నాలుగు గంటల్లో 128 లోపలికి వెళ్తే 172 బయటికి వచ్చింది. అంటే లోటు పూడకపోగా ఇంకో 44 పెరిగింది. వెంటనే వేగాన్ని గంటకు 55కి పెంచారు: పోయిన మూత్రానికి 43, పాత లోటుకు 12. ప్రతి నాలుగు గంటలకూ సంచి కొలిచి ఇదే లెక్క మళ్లీ వేయాలి. రెండు గంటలకోసారి ఊపిరి లెక్క, ఆరు గంటలకోసారి బరువు. ఊపిరి నిమిషానికి 40 దాటినా, బరువు అనుకున్నదానికన్నా వేగంగా పెరిగినా నీరు ఎక్కువవుతోందని అర్థం.

కొంతసేపటికి ఒక చిక్కు ప్రశ్న వస్తుంది: మూత్రం ఎక్కువ కాబట్టి మనం ఎక్కువ పోస్తున్నామా, మనం పోస్తున్నాం కాబట్టి అది ఎక్కువ పోస్తోందా? లోటు పూడి, బరువు నిలకడగా ఉన్నాక డ్రిప్‌ను పావు వంతు తగ్గించి నాలుగు గంటలు చూడాలి. మూత్రమూ తగ్గి, బరువు నిలబడితే అది మన డ్రిప్ వల్లే. మూత్రం తగ్గక బరువు దిగితే మూత్రపిండాలు ఇంకా కుదుటపడలేదు, తిరిగి పెంచాలి. ఈ పిల్లిలో ఇరవై ఆరో గంట నుంచి తగ్గించడం మొదలైంది.

ఇరవై నాలుగో గంటకు పొటాషియం 3.3కి పడింది. ముందురోజు ప్రాణం మీదికి తెచ్చిన లవణాన్నే ఇప్పుడు డ్రిప్‌లో కలపాలి. లీటర్‌కు 30 మిల్లీమోల్ పొటాషియం క్లోరైడ్, గంటకు 40 మి.లీ. వేగం, అంటే గంటకు కిలోకు 0.2 మిల్లీమోల్. 0.5 ఎప్పుడూ దాటకూడదు. కలిపాక సంచిని పలుమార్లు తలకిందులు చేసి బాగా కుదపాలి. కుదపకపోతే మందు అడుగున చేరి, మొదటి కొన్ని మి.లీ.లోనే చాలా భాగం పోయి గుండె ఆగవచ్చు. వేగం మారితే పొటాషియం లెక్క కూడా మారుతుందని సంచి మీదే రాసిపెట్టాలి.

నొప్పికి బ్యుప్రెనార్ఫిన్ కిలోకు 0.02 మి.గ్రా. ఎనిమిది గంటలకోసారి. మూత్రపిండాలు తేరుకోకముందు మెలాక్సికామ్ వంటి వాపు తగ్గించే నొప్పి మందులు ఇవ్వలేదు. స్టిరాయిడ్ కూడా ఇవ్వలేదు, క్యాథెటర్ ఉన్నప్పుడు అది ఇన్ఫెక్షన్‌కు తలుపు తీయడమే. యాంటీబయాటిక్ కూడా లేదు. ఈ వయసు పిల్లుల్లో మూత్రం ఆగడానికి బ్యాక్టీరియా కారణం కావడం చాలా అరుదు, క్యాథెటర్ ఉండగా ముందుజాగ్రత్తగా ఇచ్చే యాంటీబయాటిక్ మందులకు లొంగని బ్యాక్టీరియానే మిగులుస్తుంది. మూత్రమార్గాన్ని సడలించడానికని ప్రజోసిన్ చాలాచోట్ల అలవాటుగా రాస్తారు. అది పనిచేసేది మూత్రమార్గం పై భాగంలోని మృదు కండరం మీద. ప్లగ్ పట్టుకునే కింది భాగంలో ఎక్కువగా ఉన్నది వేరే రకం కండరం. మళ్లీ మూసుకోవడాన్ని అది తగ్గిస్తుందని పరీక్షల్లో రుజువు కాలేదు, రక్తపోటు మాత్రం దించగలదు. కాబట్టి వాడలేదు.

నలభై నాలుగో గంటకు మూత్రం తేటగా ఉంది, క్రియాటినిన్ 1.9, మూత్రం పరిమాణం మామూలుకు వచ్చింది, పిల్లి సొంతంగా తింది. ఈ నాలుగూ కుదిరాకే క్యాథెటర్ తీశారు. అయిదు గంటల తర్వాత సొంతంగా పోసింది. ఆపై ఇరవై నాలుగు గంటలు ఉంచి, ఆరు గంటలకోసారి మూత్రాశయం తడిమి చూశాకే ఇంటికి పంపారు. పోశాక కూడా మూత్రాశయం పెద్దగా మెత్తగా మిగిలితే, సాగిపోయిన కండరం ముడుచుకోలేకపోతోందని అర్థం. అలాంటప్పుడు క్యాథెటర్ మరికొన్ని రోజులు ఉంచి దానికి విశ్రాంతి ఇవ్వాలి.

నాలుగో రోజు ఫోన్

ఇంటికి వెళ్లిన నాలుగో రోజు పిల్లి మళ్లీ ట్రే చుట్టూ తిరుగుతోందని యజమాని వెంటనే తెచ్చారు. చేతికి తగిలిన మూత్రాశయం నిమ్మకాయలో సగం కూడా లేదు, మెత్తగా ఉంది. ట్రేలో రూపాయి బిళ్లంత తడి ముద్దలు ఏడెనిమిది. ఇది మూసుకుపోవడం కాదు. లోపలి పొర ఇంకా వాచి ఉండటం వల్ల కొద్దికొద్దిగా, మాటిమాటికీ పోస్తోంది. చేయాల్సింది నొప్పి మందు ఇంకో మూడు రోజులు పొడిగించడం, అంతే. మళ్లీ క్యాథెటర్ వేస్తే ఆ వాపును మనమే పెంచినట్టు. ఈ తేడా ట్రేలోనూ, వేలి కిందా తేలుతుంది కానీ ఇంట్లో నిర్ధారించుకోవడం కష్టం, కాబట్టి యజమాని తేవడమే సరైన పని. వారం తర్వాత సూదితో తీసిన మూత్రం కల్చర్‌లో ఏమీ పెరగలేదు.

ఇంట్లో ఏం మారింది

బ్యాక్టీరియా లేదు, రాయి లేదు. మిగిలింది కారణం తెలియని మూత్రాశయ వాపు, దాని మీద కట్టిన ప్లగ్. ఈ జబ్బు పట్టే పిల్లి ఆనవాళ్లు దీనిలో అన్నీ ఉన్నాయి: ఆపరేషన్ అయిన మగపిల్లి, అధిక బరువు, ఇంట్లోనే జీవితం, పొడి తిండి, కొత్తగా వచ్చిన తోటి పిల్లి. దీనికి మాత్ర లేదు. మార్చగలిగినవి నీరు, బరువు, బెదురు.

డ్రై ఫుడ్‌లో నీరు 10 శాతం లోపు, తడి ఆహారంలో 75 నుంచి 80 శాతం. ఉండాల్సిన బరువుకు విశ్రాంతి శక్తి అవసరం 70 × 4.8^0.75, సుమారు 227 కిలోక్యాలరీలు. తడి ఆహారం దాదాపు 250 గ్రాముల్లో ఇది వస్తుంది, దానితోనే 190 మి.లీ. నీరు కడుపులోకి వెళ్తుంది. అదే శక్తి డ్రై ఫుడ్‌తో ఇస్తే వచ్చే నీరు 6 మి.లీ.కి అటూ ఇటూ. గిన్నెలో ఎన్ని నీళ్లు పెట్టినా డ్రై ఫుడ్ తినే పిల్లి ఈ తేడా పూర్తిగా తాగి పూడ్చుకోదు. పైగా ప్రతి పూటా తిండిలో రెండు చెంచాల నీళ్లు కలపమన్నారు. లక్ష్యం మూత్ర సాంద్రత 1.035 లోపు.

ఆహారం మార్చడం ఆసుపత్రిలో మొదలుపెట్టలేదు. నొప్పి, వికారం ఉన్నప్పుడు పెట్టిన కొత్త రుచిని పిల్లి ఆ బాధతో ముడిపెట్టుకుని తర్వాత కూడా ముట్టకపోవచ్చు. ఇంటికి వెళ్లి వారం కుదురుకున్నాక పూట లెక్కన పెట్టడం, డ్రై ఫుడ్ పక్కనే ఒక చెంచా తడి ఆహారం, తర్వాత కొంచెం కొంచెంగా పెంచడం. ఈ పిల్లి పూర్తిగా మారడానికి మూడు వారాలు పట్టింది. ఆకలేస్తే అదే తింటుందని మాడ్చకూడదు. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని, అది ఇంకో ప్రాణాంతక జబ్బవుతుంది. బరువు తగ్గడం వారానికి ఒక శాతం, ఇక్కడ 60 గ్రాములు. స్ట్రువైట్ కరిగించే వైద్య ఆహారం వాడుతున్నప్పుడు దాని మీద మూత్రాన్ని ఆమ్లంగా మార్చే మాత్రలు కలపకూడదు, అవి కాల్షియం ఆక్సలేట్ రాళ్లకు దారి తీస్తాయి.

ట్రేలు మూడు, పిల్లుల సంఖ్యకు ఒకటి ఎక్కువ. మూడూ ఒకే గదిలో వరసగా పెడితే పిల్లి లెక్కలో అవి ఒకటే. ఒక పిల్లి గుమ్మంలో కూర్చుంటే మూడింటికీ దారి మూసుకుపోతుంది. అందుకే వేర్వేరు గదుల్లో. ట్రే పొడవు పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు, వాసన లేని, తడికి గడ్డకట్టే లిట్టర్, రోజూ తీసివేత. గడ్డకట్టే రకంతో రోజూ ముద్దలు లెక్కపెట్టవచ్చు. మగపిల్లి ఉన్న ఇంట్లో ఇంతకన్నా పనికొచ్చే ముందుజాగ్రత్త కనిపించదు. తిండి గిన్నెలు ఒకదానికొకటి కనిపించని చోట, నీళ్లు తిండికి దూరంగా వెడల్పు గిన్నెల్లో. పాత పిల్లికి కొత్తది ఎక్కలేని ఎత్తైన చోటు ఒకటి. రెంటినీ పది రోజులు వేరు గదుల్లో ఉంచి, వాసన అలవాటయ్యేలా దుప్పట్లు మార్చి, మళ్లీ మొదటి నుంచి పరిచయం చేశారు.

యజమానికి గట్టిగా చెప్పినది ఇంకొకటి ఉంది: నొప్పిగా ఉందని పారాసెటమాల్ ఇవ్వొద్దు. పిల్లి కాలేయం దాన్ని విరిచి బయటికి పంపలేదు. ఒక్క మాత్రతోనే రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వచ్చి చనిపోవచ్చు. ముక్కుతున్న పిల్లికి బలవంతంగా సిరప్ పట్టడం కూడా ప్రమాదమే, వాంతుల్లో అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మూడు నెలలకు బరువు 5.2 కిలోలు, మూత్ర సాంద్రత 1.028, పీహెచ్ 6.4, క్రియాటినిన్ 1.5. అయిదో నెలకు 4.9 కిలోలు. ఈ మధ్యలో కొత్త సోఫా వచ్చిన వారం రెండు రోజులు ట్రేకు ఎక్కువసార్లు వెళ్లింది, ముద్దలు లెక్కపెట్టిన యజమాని ఆ రోజే చూపించారు, మూత్రాశయం చిన్నదే. ఈ జాగ్రత్తలన్నీ సాగుతుండగానే మళ్లీ పూర్తిగా మూసుకుపోతే, లేదా క్యాథెటర్ దెబ్బకు మార్గం సన్నబడితే, అంగం సన్నని భాగాన్ని తీసేసి వెడల్పు దారి కుట్టే ఆపరేషన్ గురించి మాట్లాడాలి. అది మూసుకోవడాన్ని బాగా తగ్గిస్తుంది. మూత్రాశయ వాపును తగ్గించదు, పైగా బ్యాక్టీరియా లోపలికి చేరడం తేలికవుతుంది కాబట్టి ఆ పిల్లికి జీవితాంతం ఏడాదికి రెండుసార్లయినా మూత్రం కల్చర్ చేయించాలి.